కోపం ఎక్కడ చదువుకుంటుంది?

(కావలిలో జరిగిన ఒక పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో సభలోంచి వచ్చిన ఒక ప్రశ్న, దానికి జవాబు కూడా ఉన్నాయి.)

పెద్దలకు, ఫ్యాన్ కింద చోటు దొరికిన అదృష్టవంతులకు, వెనకాల నిలబడి వింటున్నవాళ్ళకు నమస్కారం.

ఈమధ్య చదివిన ఫిలాసఫీ పుస్తకాల గురించి చెప్పమన్నారు. నేను ఆ సబ్జెక్టు పాఠం చెప్పిన మాస్టారిని కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పొదుపు సంఘాల ఖాతాలు చూసినవాణ్ణి. అందుకే ఏ దేశపు పుస్తకం చదివినా నా మనసు దాన్ని కలిగిరి, కందుకూరు వైపు లాక్కొస్తుంది. ఇవాళా అదే జరుగుతుంది, ముందే చెప్పేస్తున్నా.

నేను మాట్లాడదలచుకున్నది కోపం, సిగ్గు గురించి. వీటిని నైతిక భావోద్వేగాలు అంటున్నారు. ఎండకు చెమట పట్టినట్టు వచ్చిపోయేవి కావివి. వీటి లోపల ఒక తీర్పు ఉంటుంది. నాకు కోపం వచ్చిందంటే, నాకో నావాళ్ళకో అన్యాయం జరిగిందని నేను తేల్చుకున్నానన్నమాట. సిగ్గుపడ్డానంటే, నేను ఉండాల్సినట్టు లేనని ఒప్పుకున్నానన్నమాట. అమెరికా తత్వవేత్త మార్తా నస్‌బామ్ 2001లో ఈ విషయం మీదే చాలా పెద్ద పుస్తకం రాశారు. తీర్పు అన్నాక అది సరైనదీ కావచ్చు, తప్పూ కావచ్చు. అంటే కోపాన్ని కూడా విచారించి చూడాలి. కనపడగానే నోరు మూయించకూడదు.

మనకేమో చిన్నప్పుడే సుమతీ శతకం కోపం శత్రువని నేర్పింది. పెద్దయ్యాక డాక్టరు బీపీ మిషన్ చూపించి అదే చెప్పాడు. ఇప్పుడు కంపెనీల్లో పిల్లలకు కోపాన్ని అదుపులో పెట్టుకోవడం మీద ట్రైనింగులు ఇస్తున్నారు, ఫోన్లో యాప్‌లు కూడా ఉన్నాయట. శతకం, స్టెతస్కోపు, యాప్ ముగ్గురూ ఒక్కమాట మీద ఉన్నారు. "ఇంతకీ నీకు కోపం ఎందుకొచ్చిందయ్యా?" అని ముగ్గురిలో ఒక్కరూ అడగరు.

1962లో పీటర్ స్ట్రాసన్ అనే ఇంగ్లండు తత్వవేత్త లండన్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చారు. అందులో చిన్న ఉదాహరణ ఉంది. ఎవరో నా చెయ్యి తొక్కారు. పొరపాటున తొక్కినా, నన్ను లెక్కచేయక తొక్కినా నొప్పి ఒకటే. కానీ రెండో దానికి నాకు రోషం వస్తుంది. ఆ రోషం రావడమే ఎదుటివాణ్ణి మనిషిగా లెక్కపెట్టడం అంటాడాయన. మతి స్థిమితం లేనివాడి మీద మనం రోషపడం. అతన్ని సముదాయిస్తాం, వైద్యం చేయిస్తాం, దారికి తెచ్చుకుంటాం. ఇలా "దారికి తెచ్చుకునే" చూపు ఇంకోటి ఉంది. మన కాలంలో అది మతి బాగున్నవాళ్ళ మీదికి కూడా పాకింది. ఉద్యోగి కోపాన్ని కంపెనీ వింటున్నట్టే ఉంటుంది, మేనేజ్ మాత్రమే చేస్తుంది.

పాతవాళ్ళు ఇంత ఏకపక్షంగా లేరు. కోపపడాల్సిన చోట కోపం రానివాణ్ణి జనం తెలివితక్కువవాడనుకుంటారని అరిస్టాటిల్ రాశాడు. ఎవరి మీద, ఎందుకు, ఎప్పుడు, ఎంతసేపు అన్న కొలత తెలిసి కోపపడటమే ఆయన లెక్కలో సద్గుణం. మన భారతంలో, అరణ్యపర్వం మొదట్లో, ద్రౌపది ధర్మరాజుతో ఈ వాదనే పెట్టుకుంటుంది. "ఇంత జరిగినా నీకు కోపం రాదేం?" అని నిలదీస్తుంది. ప్రహ్లాదుడు తన మనవడు బలికి చెప్పిన మాట తెచ్చి, ఎప్పుడూ కోపమూ మంచిది కాదు, ఎప్పుడూ ఓర్పూ మంచిది కాదు అంటుంది. ధర్మరాజు ఓర్పు మీద పెద్ద ప్రసంగం చేస్తాడు. ఎర్రన మన గుడ్లూరువాడు కదా, ఆయన కలంలో ఈ ఘట్టం ఎలా ఉండేదో అని నాకు ఆశ. కానీ అది ఆయన చేతికి రాలేదు, నన్నయ రాసిన భాగంలోనే అయిపోయింది. తిక్కన దగ్గరికొచ్చేసరికి యుద్ధం ఖాయమైపోయింది. ఆ వాదన చదివిన ప్రతిసారీ నాకు ద్రౌపదే గెలిచినట్టు కనిపిస్తుంది. మీకు వేరే అభిప్రాయం ఉంటే టీ దగ్గర మాట్లాడుకుందాం.

అయితే ఆ కొలత ఎక్కడ నేర్చుకుంటాం? ఇదే నాకు అసలు ప్రశ్న. పుస్తకం చదివితే రాదు. ఇక్కడికి అలస్డేర్ మేకింటైర్ అనే తత్వవేత్తను పిలవాలి.

మేకింటైర్ 1929లో గ్లాస్గోలో పుట్టాడు. కుర్రతనంలో మార్క్సిస్టు, తర్వాత కాథలిక్కు. 2025 మే నెలలో 96 ఏళ్ళ వయసులో పోయాడు. 1981లో వచ్చిన ఆయన పుస్తకం ఒక ఊహతో మొదలవుతుంది. ప్రపంచంలో సైన్సు మీద జనం తిరగబడి ల్యాబులన్నీ తగలబెట్టారు, పుస్తకాలు చించేశారు. కొన్నేళ్ళకు ఎవరో ఆ చిరిగిన కాగితాలు ఏరుకుని, వాటిలోని మాటలు బట్టీపట్టి, అదే సైన్సనుకుని వాదించుకుంటున్నారు. మన నీతి పరిస్థితి ఇప్పుడు అదే అంటాడు. ధర్మం, కర్తవ్యం, హక్కు అన్న మాటలు మిగిలాయి, ఆ మాటలకు అర్థాన్నిచ్చిన జీవితం పోయింది. అందుకే మన వాదాలు తెగవు. టీవీ చర్చలు చూస్తే ఆయన చెప్పింది ఎవరికైనా తెలిసిపోతుంది. (నవ్వులు)

ఆయన మందు ఏమిటంటే, సద్గుణాలు మనుషులు కలిసి చేసే పనుల్లో పెరుగుతాయి. చదరంగం ఉదాహరణ చెబుతాడు. ఒక పిల్లవాడికి ఆడితే చాక్లెట్ ఇస్తాను, గెలిస్తే ఇంకా ఇస్తాను అన్నాం. చాక్లెట్ కోసమే ఆడినన్నాళ్ళూ, దొరకననుకుంటే దొంగాట ఆడతాడు. ఆటలోనే ఉన్న రుచి తెలిశాక దొంగాట ఆడితే మోసపోయేది తనే. చాక్లెట్ బయటి లాభం, ఆటలో రుచి లోపలి లాభం. లోపలి లాభం కావాలంటే ముందున్నవాళ్ళ మాట వినాలి, దిద్దితే ఒప్పుకోవాలి, నిజాయితీగా ఉండాలి. సద్గుణాలు అక్కడ పుడతాయి. అయితే ప్రతి పనికీ దాన్ని నిలబెట్టే ఒక సంస్థ కావాలి. సంస్థకు డబ్బు, పదవి కావాలి. అవి వచ్చి పనిని చెడగొడతాయి. ఈ ఆఖరి మాట కాసేపు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఇక్కడి నుంచి పడమరగా కలిగిరి మండలానికి పోదాం. దూబగుంట.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. రాత్రి బడులు. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు లాంతరు దగ్గర పలకలు పట్టుకున్నారు. అప్పట్లో సారా ప్యాకెట్లలో వస్తుండేది. వారుణి వాహిని అని దానికి ఎంతో అందమైన పేరు పెట్టింది సర్కారు. మంచినీళ్ళకు మైళ్ళు నడిచే పల్లెలో కూడా సారా ఇంటి ముందుకొచ్చేది. మగవాళ్ళు తాగొచ్చి రాత్రి బడి దగ్గర గొడవ. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. అందులో ఊరి ఆడవాళ్ళు ఒక్కటై సారా అంగడి మూయిస్తారు. పాఠం చదివినవాళ్ళు, వాళ్ళు చేసింది మనమెందుకు చేయకూడదనుకున్నారు. రోశమ్మ, ఇంకా ఎందరో. సారా అంగడి మూయించారు. తర్వాత దూబగుంట కథే ఇంకో వాచకంలో పాఠమైంది. దాన్ని చదివి వేరే ఊళ్ళవాళ్ళు లేచారు. 1992 నాటికి జిల్లా అంతా అంటుకుంది. నెల్లూరులో సారా వేలం పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం.

మీలో చాలామందికి ఇది తెలిసిన కథే. నేను చెప్పాలనుకున్నది ఒక్కటి. ఆ ఆడవాళ్ళకు కోపం అంతకు ముందు లేదా? ఎందుకు లేదు! ప్రతి ఇంట్లో ఉంది. ఒక్కొక్క ఇంట్లో విడిగా ఉన్నన్నాళ్ళు అది మొగుడి మీద కోపం. లేకపోతే తలరాత మీద. పదిమందీ రాత్రి బడిలో కూర్చున్నాక దాని గురి మారింది. మొగుడి చేతికి ప్యాకెట్ ఇచ్చింది ఎవరు? అంగడివాడు. వాడికి? కాంట్రాక్టరు. కాంట్రాక్టరుకు? వేలం పాడించిన సర్కారు. కోపం మెట్టు మెట్టుగా పైకెక్కింది. అరిస్టాటిల్ చెప్పిన "ఎవరి మీద" అన్న కొలత వాళ్ళు అక్కడ, పక్కమనిషి దిద్దుతుండగా నేర్చుకున్నారు. కోపానికి కూడా చదువు కావాలంటే, అది చదువుకున్నది ఆ రాత్రి బడిలో.

కారప్పొడి, చీపుర్లు కూడా ఉన్నాయి లెండి. అంతా అహింసగా జరిగిందని నేను అబద్ధం చెప్పను. దీని మీదే ఇప్పుడు తత్వవేత్తలు కొట్లాడుకుంటున్నారు. నస్‌బామ్ 2016 పుస్తకంలో, కోపంలో పగ తీర్చుకోవాలన్న కోరిక దాగి ఉంటుంది, అది పనికిరానిది అంటారు. "ఇది ఘోరం, ఏదో ఒకటి చేయాలి" అని ముందుకు చూసే కోపాన్ని మాత్రం ఒప్పుకుంటారు. మాయిషా చెర్రీ అనే నల్లజాతి తత్వవేత్త 2021లో దానికి ఎదురు చెప్పారు. జాతి వివక్షతో పోరాడేవాళ్ళ కోపంలో పగ ఉండి తీరాలని ఏమీ లేదు, దాన్ని వేరేదిగా మార్చాల్సిన పని లేదు, పోరాటంలో నిలబెట్టేది అదే అంటారు. ఆగ్నెస్ కాలార్డ్ అనే ఇంకో తత్వవేత్త ఇద్దరినీ ఇబ్బంది పెట్టారు. నీకు అన్యాయం జరిగింది, తర్వాత వాడు క్షమాపణ చెప్పాడు, నష్టపరిహారం ఇచ్చాడు. సరే, కానీ జరిగింది జరగకుండా పోలేదు కదా? అలాంటప్పుడు కోపానికి ఉన్న కారణం ఎప్పటికీ ఉంటుంది. పగ కూడా కోపంలో భాగమే, దాన్ని ఏరి పారేసి శుభ్రమైన కోపం తయారుచేయడం కుదరదు అంటారామె. ఈ ముగ్గురిలో నేను చెర్రీ వైపు ఉన్నాను. కాలార్డ్ మాట మాత్రం రాత్రిళ్ళు గుర్తొస్తుంటుంది.

ఇక్కడిదాకా మేకింటైర్ మనకు బాగా పనికొచ్చాడు. కానీ ఆయన్ను చదివి, ఆధునికత వచ్చి అంతా పాడుచేసింది, పాత పల్లె ఎంత చక్కగా ఉండేదో అని నిట్టూర్చేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. వాళ్ళకు నేను కారంచేడు గుర్తుచేస్తాను. అప్పుడది ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్లలో ఉంది. 1985 జూలై. తాము తాగే చెరువు నీళ్ళు పాడుచేయొద్దని మాదిగపల్లెవాళ్ళు అడ్డుచెప్పారు. మర్నాడు, 17న, ఊళ్ళోని పెత్తందారీ కులంవాళ్ళు దాడి చేసి ఆరుగురు దళితుల్ని చంపారు. ఆ ఊరికి సంప్రదాయం లేదా? కట్టుబాటు లేదా? అన్నీ ఉన్నాయి. ఎవరు ఎవరి ముందు కోపపడకూడదో కూడా ఆ కట్టుబాటే నిర్ణయించింది. ఆ కోపానికి చోటు ఊళ్ళో దొరకలేదు. ఊరొదిలి చీరాల పోయి, అక్కడి శిబిరంలో దొరికింది. దళిత మహాసభ అందులోంచే పుట్టింది. పల్లె అంటే సంకుచితత్వానికి నిలయమని 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ అన్నప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. మేకింటైర్ ఆ ఉపన్యాసం చదివి ఉంటే ఆయన పుస్తకం మరోలా ఉండేదేమో.

తత్వవేత్త ఆమియా శ్రీనివాసన్ 2018లో రాసిన వ్యాసం ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. అణగారినవాళ్ళకు అందరూ చెప్పే సలహా ఒకటుంది. "నీ కోపం న్యాయమే, కానీ దానివల్ల నీకే నష్టం, తగ్గు." ఆ సలహా నిజం కూడా కావచ్చు. కానీ కోపపడే కారణం ఉండీ, కోపపడితే ఇంకా నష్టం జరిగేలా లోకం కట్టి ఉండటమే ఇంకో అన్యాయం అంటారామె. తగ్గమని చెప్పేవాడు ఆ రెండో అన్యాయాన్ని చూడడు. మన పల్లెల్లో "ఎందుకొచ్చిన గొడవ, సర్దుకో" అన్నది ఎవరితో అంటామో, ఎవరితో అనమో ఒకసారి లెక్క వేసుకోండి.

ఇక సిగ్గు. ఓవెన్ ఫ్లానగన్ అనే అమెరికా తత్వవేత్త 2021లో ఒక పుస్తకం రాశాడు. అమెరికావాళ్ళకు కోపం మరీ ఎక్కువైంది, సిగ్గు మరీ తక్కువైంది, ఇండొనేషియాలో మినాంగ్‌కబావ్ జనం, మడగాస్కర్‌లో బారా జనం పిల్లలకు సిగ్గు ఎలా నేర్పుతారో చూసి నేర్చుకోండి అంటాడు. అమెరికా నాయకుల్ని చూస్తే ఆయన బాధ అర్థమవుతుంది. కానీ ఆయన ప్రకాశం జిల్లా వచ్చి ఉంటే, సిగ్గు ఎంత ఉందని కాక ఎవరి నెత్తిన ఉందని అడిగేవాడు. 2015లో పొగాకు ధర పడిపోయినప్పుడు ఆ జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుంది, నిజమే. అప్పుతోపాటు అప్పులవాళ్ళు ఇంటి ముందుకొస్తే తలెత్తుకోలేమన్న బాధ ఉంది. బేళ్ళు కొనకుండా వెనక్కి పంపినవాళ్ళలో ఎవరూ తలదించుకున్నట్టు నేను వినలేదు.

ఇప్పుడు నా వృత్తికి వస్తాను. మేకింటైర్ ఆఖరి మాట గుర్తుంది కదా, సంస్థ పనిని చెడగొడుతుందని. సారా పోయాక, ఆ డబ్బు ఇంట్లో మిగిలింది. నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. పొదుపు లక్ష్మి సంఘాలు. సారా మీద కోపంతో కలిసి కూర్చున్న మనుషులే డబ్బు పుస్తకంతో కూర్చున్నారు. నేను చూసిన మంచి సంఘాల్లో అప్పు ఎవరికి ముందు ఇవ్వాలన్నది గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఎవరింట్లో ఆపరేషను, ఎవరి కూతురి కాన్పు. ఆ మాటలు వింటుంటే మేకింటైర్ చెప్పిన లోపలి లాభం అంటే ఏమిటో నాకు పుస్తకం కంటే ముందే అర్థమైంది. తర్వాత రోజుల్లో సంఘాలకు గ్రేడింగులు, టార్గెట్లు వచ్చాయి. ఆ తర్వాత ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. వాళ్ళు కట్టిన గ్రూపులు వేరు, కానీ చాలాచోట్ల మనుషులు వాళ్ళే. వారం వారం కిస్తీ. ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్ళు కట్టాలి. అందుకని మిగతావాళ్ళే ఆమె గుమ్మం ముందు కూర్చుని నలుగురూ వినేలా మాట్లాడాలి. ఏజెంటు గట్టిగా అరవాల్సిన పని కూడా లేదు. ఆత్మహత్యలు జరిగాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ కంపెనీల మీద ఆర్డినెన్సు తెచ్చింది.

ఇందులో నన్ను ఆపింది ఇదీ. మనుషులు మారలేదు, గుంపుగా కూర్చోవడం మారలేదు. 1992లో గుంపు ఒకామె మీద పడ్డ సిగ్గును తీసి కాంట్రాక్టరు మీద పెట్టింది. 2010లో కంపెనీ మీద రావాల్సిన కోపాన్ని తీసి ఒకామె మీద సిగ్గుగా పెట్టింది. అక్కడ గుంపు ఒక పని కోసం కలిసింది. ఇక్కడ గుంపును వేరేవాళ్ళు పనిముట్టుగా వాడారు. సమూహం ఉంటే చాలు నీతి దానంతట అదే వస్తుందనే మేకింటైర్ అభిమానులకు నా జవాబు ఇదే. సమూహాన్ని ఎవరు ఏర్పాటు చేశారు, పద్దు ఎవరి దగ్గర ఉంది, వాళ్ళు మాట్లాడుకోవడానికి టైము ఉందా అన్నవి ముందు చూడాలి.

కరోనా కాలానికి గుంపు కూడా అక్కర్లేకపోయింది. లోన్ యాప్‌లు వచ్చాయి. మూడు వేలు, ఐదు వేలు. తాకట్టు ఏమీ వద్దన్నారు. నిజానికి తీసుకున్నారు, నీ ఫోన్లో కాంటాక్టులు, ఫొటోలు. కట్టకపోతే మార్ఫింగ్ చేసిన ఫొటోలు నీ బావమరిదికి, మీ ఆఫీసరుకు, నీ కూతురి టీచరుకు పోతాయి. పరువే తాకట్టు. మేకింటైర్ మన కాలానికి గుర్తులుగా చెప్పిన పాత్రల్లో మేనేజరు ఒకడు. గమ్యం మంచిదా కాదా అడగడు, పని జరిగిందా లేదా చూస్తాడు. యాప్ వెనకున్నది అతనే. సిగ్గు అతనికి భావోద్వేగం కాదు, రికవరీ రేటు. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఈ యాప్‌లు కాంటాక్టుల జాబితా తాకకూడదని మార్గదర్శకాలిచ్చింది. మంచిదే. కానీ కాంటాక్టుల జాబితాలో ఉన్న మనం ఏం చేశాం? ఆ ఫొటో వచ్చినప్పుడు కొంతమంది ఫోన్ చేసి "భయపడొద్దు, నేనున్నా" అన్నారు. చాలామంది ఇంకొకరికి పంపారు.

టైము అయిపోయిందని చైర్మన్‌గారు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (సభలోంచి ఒక మహిళ): సార్, 1997లో నిషేధం ఎత్తేశారు కదా. మా అమ్మ ఆ రోజుల్లో జీపులకు అడ్డం పడుకున్న మనిషి. ఇప్పుడు మా వీధి చివరే వైన్ షాపు. ఆ కోపమంతా వృథా అయినట్టేనా?

జవాబు: అమ్మా, రెండు ముక్కలు చెబుతాను. ఎత్తేసినప్పుడు సారాను తిరిగి తేలేదు. ఆ నిషేధం అలాగే ఉంది. తిరిగొచ్చింది సీసా మందు. మీ అమ్మగారు ఏ ప్యాకెట్ మీద కోపపడ్డారో ఆ ప్యాకెట్‌ను మాత్రం చట్టప్రకారం అమ్మించడానికి తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ సాహసించలేదు.

రెండోది. 2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. దక్కించుకున్నవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. కొందరు దాన్ని మహిళా సాధికారత అని రాశారు. బయటి లాభం లెక్కలో అయితే నిజమే కావచ్చు. మీ అమ్మగారి కోపానికి ఉన్న కారణం మాత్రం, కాలార్డ్ చెప్పినట్టే, తీరిపోలేదు. మీ వీధి చివర షాపు గురించి మీరు నలుగురు ఎక్కడైనా కూర్చుని మాట్లాడుకున్నారా? (మహిళ: లేదు సార్, వాట్సాప్‌లో పెట్టాం.) ఎంతమంది జవాబిచ్చారు? (మహిళ: దండం బొమ్మలు పెట్టారు.) అయితే ముందు ఎవరింట్లోనైనా ఒక సాయంత్రం కూర్చోండి. మీ అమ్మగారిని కూడా పిలవండి.